మల్లట్ దారిలో తీసిన రోలు

1991 మార్చి 24, ఆదివారం. ఉదయం ఐదు గంటల యాభై నిమిషాలు. ఆకాశంలో మబ్బు లేదు, గాలి లేదు. స్టూడియో గోడకు వేలాడే ఉష్ణమాపకంలో పాదరసం ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర నిలిచి ఉంది. ఇన్నేళ్ళ తర్వాత ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలుగుతున్నానని చదివేవారికి అనుమానం రావచ్చు. రావడం మంచిదే, నేనైనా అనుమానించేదాన్ని. మా నాయన కెమెరాలో కొత్త రోలు ఎక్కించిన ప్రతిసారీ తేదీ, వేళ, వాతావరణం పైకి చెప్పి, పక్కనున్న వారి చేత మళ్ళీ చెప్పించుకునేవారు. వెలుతురును అంచనా కట్టడానికి ఆయన పాటించిన పద్ధతి అది. ఆ రోజు పక్కనున్నది నేను. నాకు పందొమ్మిదేళ్ళు. ఆయన చెప్పినవి చెప్పినట్టు అప్పగించాను. నేను అప్పగిస్తుండగా ఆయన వేళ్ళు కెమెరాలోకి ఎక్కిస్తున్నది ఏమిటో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆ ఉదయాన్ని ఇప్పుడు తవ్వి తీయడానికి కారణం, ఈ ఏడాది ఫిబ్రవరిలో మా ఇంటికి వచ్చిన ఒక స్త్రీ. నలభైకి దగ్గర పడ్డ మనిషి; ఇడపనూరు నుంచి వచ్చాననీ, పేరు దేవమ్మ అనీ చెప్పింది. సంచిలోంచి పాత తువ్వాలులో చుట్టిన పటం తీసి నా ముందు పెట్టింది. నేను ముప్పై ఏళ్ళు కాలేజీలో గణాంకశాస్త్రం చెప్పినదాన్ని. యాదృచ్ఛికమైన వాటికి తొందరపడి అర్థాలు కట్టకూడదని పిల్లలకు బోధించినదాన్ని. ఆ పటం చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

మాది రాయచూరు బజారులో ఫోటో స్టూడియో. ముందు గదిలో స్టూడియో, వెనక ఇల్లు, ఆ రెంటి మధ్య ఒకప్పుడు సామాన్లు పడేసిన కిటికీ లేని గది. అదే డార్క్‌రూం. పొద్దున్నే అవ్వ జొన్నరొట్టె తట్టే చప్పుడూ, కట్టెల పొగా ఒక పక్క నుంచి వస్తే, ఫోటోలు కడిగే మందునీళ్ళ ఘాటు ఇంకో పక్క నుంచి వచ్చేది. ఆ రెండూ కలిసిన వాసనే నా దృష్టిలో ఇంటి వాసన. మా అమ్మ మధ్యాహ్నాలు గడప దగ్గర కూర్చుని, పుల్లకు చుట్టిన దూదితో నలుపు తెలుపు ఫోటోలకు రంగులద్దేది. పెళ్ళికూతుళ్ళ పెదవులకు వాడిన ఎరుపే మోదుగ పూలకూ వాడేది. నీళ్ళు మునిసిపాలిటీ దయ, కరెంటు ఆ పై వారి దయ. ఊరికి ఉత్తరాన విద్యుత్ కేంద్రం వచ్చి కొన్నేళ్ళయినా మా వీధిలో దీపాలు ఆరిపోవడం మానలేదు. "బిజిలీ పుట్టేది మనకాడ, దీపం ఎలిగేది బెంగులూర్ల" అని మా మేనమామ ఎకసెక్కమాడేవాడు. అయితే మా పొయ్యి వెలగడానికి ఆ కేంద్రం కొంత కారణమే. అక్కడ పనిచేసే కూలీల గేటు పాసులకు అంటించే చిన్న ఫోటోలు మా నాయనే తీసేవారు. కూలీలు మాసిన బట్టలతో వచ్చేవారు కనుక, స్టూడియో మేకుకు ఒక నల్లకోటు ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. ఒకరు విప్పి ఇంకొకరికి ఇచ్చుకుంటూ అందరూ దానిలోనే ఫోటో దిగేవారు. వెనక తెల్లదుప్పటి.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. తీయడం పూర్తయిన రోలును అందరూ డబ్బీలోకి పూర్తిగా చుట్టేస్తారు. మా నాయన అలా చుట్టేవారు కారు. చీకట్లో చేతికి సులువుగా అందాలని ఫిలిం కొసను నాలుకలా బయటికే ఉంచేవారు. కొత్త రోలుకూ నాలుక బయటే ఉంటుంది. తేడా తెలియడానికి, వాడేసిన రోలు నాలుక మూలను గోటితో మడిచేవారు. మడత ఉంటే వాడినది, లేకుంటే కొత్తది. అప్పటికి ఇరవై రెండేళ్ళుగా ఆ గుర్తు ఒక్కసారి కూడా తప్పలేదు.

మా అవ్వకు మూలలు మడతపడితే గిట్టదు. నోటు మూల మడిస్తే లక్ష్మి చెవి మెలిపెట్టినట్టు, పుస్తకం మూల మడిస్తే సరస్వతి తల వంచినట్టు ఆమె లెక్క. నా పాఠ్యపుస్తకాల్లో నేను గుర్తుకు మడిచిన కాగితాలన్నీ ఆమె సాయంత్రానికల్లా బొటనవేలితో రుద్ది సాపు చేసేది. తమలపాకులను కూడా కొస వంగకుండా పేర్చేది. ఆమె చేతికి అది జపం లాంటిది. తెలిసి చేసేది కాదు.

ఆ శుక్రవారం ఒక గుత్త మేస్త్రీ ముప్పై ఆరుగురు కూలీలను తీసుకువచ్చాడు. ఏప్రిల్ ఒకటి నుంచి కొత్త పాసు లేనివారిని లోపలికి రానివ్వరట. నాయన ఒకే రోలులో ముప్పై ఆరుగురినీ తీసి, మూల మడిచి, కెమెరా సంచిలో వేశారు. ఆ సాయంత్రమూ శనివారమూ కుళాయి రాలేదు. నీళ్ళు లేనిదే ఫిలిం కడగలేరు. రోలు సంచిలోనే, ఆదివారానికని తెచ్చిపెట్టిన కొత్త రోలు పక్కన ఉండిపోయింది. ఆదివారం తెల్లవారకముందు అవ్వ అదే సంచిలో రొట్టెల మూట సర్దింది.

ఏడాదికి ఒక రోలు నాయన తన కోసం తీసుకునేవారు. ఉగాది పోయాక, పెళ్ళిళ్ళ ముహూర్తాలు మొదలయ్యే లోపు ఒక ఆదివారం, మామ తన కిరాణా దుకాణం వ్యాను తెచ్చేవాడు. కల్మల మీదుగా మల్లట్ దాకా పోవడం, దారిలో కనిపించిన పిట్టలనూ పూలనూ తీయడం, చీకటి పడేలోపు తిరిగి రావడం. ఎవరూ అడగని ఫోటోలు, ఎవరూ కొనని ఫోటోలు. ఏడాదంతా మనుషులను కదలవద్దని బతిమాలే మనిషికి, ఎంత బతిమాలినా ఆగని వాటిని తీయడంలో ఏదో సుఖం ఉండేదనుకుంటాను. ఆయన ఎన్నడూ చెప్పలేదు.

కల్మల పొలిమేరలో మొదటి మోదుగ కనిపించింది. ఆకు ఒక్కటి లేకుండా కొమ్మంతా పూత. మామ వ్యాను ఆపి, "బావా, గింత ఎర్రగ ఉన్నది, నీ ఫోటోల బొగ్గు లెక్క వస్తది. ఎందుకీ పరేషాను?" అన్నాడు.

"మీ అక్క రంగేస్తది."

"అక్క రంగేస్తె మోదుగ పువ్వుకు గూడ లిప్‌స్టిక్ పెట్టినట్టే ఉంటది."

తీగ మీద పాలపిట్ట, తుమ్మ కొమ్మన పసిరిక పిట్టలు, దారి పక్క బీడులో తంగేడు, రాళ్ళ మధ్య గుడ్లు దాచుకుని మమ్మల్ని చూడగానే అరుస్తూ లేచిన తీతువు. నాయన ఒక్కొక్కటి తీసి అంకె పైకి అనేవారు. నేను తిరిగి అనేదాన్ని. పదిహేడవది నాకు బాగా గుర్తుంది. కాలువ నీరు తడిపిన నల్లరేగడిలో ఒక రైతు వేసవి దుక్కి దున్నుతున్నాడు. నాగలి వెంట తెల్లకొంగలు. వాటిలో ఒకటి గుంపు విడిచి, మెడ నిక్కించి, నల్లమట్టి మధ్య ఒంటరిగా నిలబడింది. నాయన గట్టు మీద బోర్లా పడుకుని, పాసు ఫోటోలకు తిప్పినట్టే కెమెరాను నిలువుగా తిప్పారు.

"ఏం సోకు నిలవడ్డదే! బావా, మన నల్లకోటు తేకపోతిమి. తొడిగిస్తె పాసు గూడ వస్తుండె" అన్నాడు మామ. నవ్వుకు కెమెరా కదులుతుందని నాయన కోప్పడ్డారు. తర్వాత ఆయనే నవ్వారు. మల్లట్‌లో చెరువు గట్టున కూర్చుని రొట్టెలూ పుంటికూర పచ్చడీ తిన్నాము. ముప్పై ఆరూ పూర్తయ్యేసరికి సాయంత్రం నాలుగు దాటింది. నా జీవితంలో అంత నిశ్చింతగా గడిచిన రోజులు తక్కువ.

సోమవారం ఉదయం కుళాయి వచ్చింది. నాయన సంచి తెరిచి, అందులో మిగిలిన రోలును చేతిలోకి తీసుకుని కాసేపు చూశారు. దాని నాలుక సాపుగా ఉంది. కెమెరాలోంచి నిన్న తీసిన రోలుకు ఆయన మూల మడిచే ఉన్నారు. సంచిలో ఉన్నది కూలీల రోలు కావాలి; దానికి మడత ఉండాలి; లేదు. రెండూ డార్క్‌రూంలోకి తీసుకుపోయారు. ముందు సంచిలోని దానినే కడిగారు. బయటికి తెచ్చి వెలుతురుకు పట్టుకుంటే అది గాజుపట్టీలా ఉంది. దాని గుండా ఎదుటి గోడ కనిపించింది. ఒక్క ముఖం లేదు. ముప్పై ఆరుగురు లేరు.

"అమ్మా" అని అవ్వను పిలిచారు. గొంతు మామూలుగానే ఉంది. "సంచిల రీలు గిట్ల ముట్టినవా?"

"రొట్టెలు వెట్టంగ చూసిన. ఒకదాని మూల మడతవడి ఉండె. సాపు జేసిన. ఎన్ని మాట్ల జెప్పాలె రా నీకు, గిట్ల మడవొద్దని?" అంది అవ్వ, రొట్టె తిప్పుతూనే.

రెండవ రోలు కడిగేటప్పుడు నన్ను లోపలికి రమ్మన్నారు. తడి ఫిలింను దీపానికి ఎదురుగా పట్టుకున్నారు. నేను చూసినదాన్ని నా కళ్ళు చాలాసేపు ఒప్పుకోలేదు. ఒక మనిషి చెవిలోంచి మోదుగ కొమ్మ మొలిచింది. ఇంకొకరి నుదుటి మీద తీతువు పక్కకు ఒరిగి పడుకుని ఉంది. తంగేడు పొద వెనక నోరు ఉండవలసిన చోట ఏదీ లేదు. ఎక్కడ ఆకాశం పడిందో అక్కడ ముఖం తుడిచినట్టు పోయింది. నాయన రోలును ప్రతిసారీ ఒకే గీత దగ్గర, వెంట్రుకవాసి తేడా లేకుండా ఎక్కించేవారు. అందువల్ల ఒక్కొక్క ముఖం మీద ఒక్కొక్క పిట్ట సరిగ్గా వచ్చి కూర్చుంది. ఆయన అజాగ్రత్త మనిషయి ఉంటే ఫ్రేములు అటూ ఇటూ జరిగి, ఏదీ ఏమిటో తెలియకుండా పోయేది. నాయన స్టూలు మీద కూర్చున్నారు. కుళాయి పారుతూనే ఉంది. మా ఇంట్లో, ఆ నాయన ఎదుట, నీళ్ళు వృథాగా పారడం నేను అంతకు ముందు చూడలేదు. కట్టాలని ఆయనకు తోచలేదు; కట్టాలని నాకూ తోచలేదు. అవ్వే వచ్చి కట్టింది.

మంగళవారం మేస్త్రీని పిలిపించారు. అందరినీ మళ్ళీ తీస్తానని, కూలీల కాలనీకే వచ్చి తీస్తానని, పైసా అక్కరలేదని చెప్పారు. మేస్త్రీ గోడకు చేరగిలబడి తల గోక్కున్నాడు.

"ముప్పై అయిదు మంది వస్తరు సాబ్. తిమ్మప్ప రాడు."

"ఎందుకు? ఊరికి పోయిండా?"

"నిన్న పొద్దుగూకంగ పాము ముట్టింది సాబ్, ఇడపనూర్ల. జొన్నసొప్ప గుంజుతుండె. దవాఖానకు తోల్కపొయ్యేలోపట్నే అయిపాయె."

నాయన అడిగిన ప్రశ్న ఒకటే: "వరుసల ఎన్నోవాడు?"

మేస్త్రీకి అది ఎందుకో అర్థం కాలేదు. వేళ్ళ మీద మనుషులను గుర్తు చేసుకున్నాడు. "పదిహేడు."

బుధవారం కాలనీలో రెండు గుంజల మధ్య తెల్లదుప్పటి కట్టాము. నేను నల్లకోటు అందిస్తున్నాను. మేస్త్రీ పిలిచిన పాత వరుసలోనే ఒక్కొక్కరు వచ్చి బల్ల మీద కూర్చున్నారు. పదహారో మనిషి కోటు విప్పి నా చేతికిచ్చి వెళ్ళాడు. తర్వాత ఎవరూ రాలేదు. నాయన కెమెరాకు కన్ను ఆనించే ఉన్నారు. వరుసలో మొదట నిలబడ్డ యువకుడికీ బల్లకూ మధ్య ఒక మనిషి పట్టేంత జాగా ఖాళీగా ఉంది.

"రాప్పా, ముందలికి" అన్నాను నేను.

"నాది పద్దెనిమిది అక్కా" అన్నాడు ఆ యువకుడు, కదలకుండా.

నాయన ఖాళీ బల్లను, దాని వెనక తెల్లదుప్పటిని అలాగే చూసి, మీట నొక్కారు. ఫిలింను ఒక గడి ముందుకు తిప్పారు. అప్పుడు ఆ యువకుడు వచ్చి కోటు తొడుక్కున్నాడు. పాసులు గడువులోపలే అందాయి. ఎవరి పనీ పోలేదు.

శనివారం ఉదయం ఈరమ్మ వచ్చింది. తిమ్మప్ప భార్య. చంకలో నాలుగేళ్ళ పాప. గడప దాటి లోపలికి రాలేదు.

"నా మనిషి మీకాడ ఫోటో దిగిండంట సావుకారీ. ఇయ్యి. ఇంట్ల ఒక్కటి గూడ లేదు."

నాయన ఆమె వస్తుందని ముందే అనుకున్నారు. ఆ పొద్దున్నే పదిహేడో ఫ్రేమును పెద్దదిగా అచ్చువేసి పెట్టారు. ముప్పై ఆరింటిలో అదొక్కటే బతికింది. నల్లరేగడి చీకటి లాంటిది, ఫిలిం మీద గుర్తు వేయదు. అందువల్ల తిమ్మప్ప ముఖం చెక్కుచెదరలేదు. ముఖం కింద, నల్లకోటు మీద, సరిగ్గా గుండె దగ్గర, మెడ నిక్కించిన తెల్లకొంగ. నాయన సన్నని కుంచెతో కొంగను నల్లరంగు కింద కప్పాలని బల్ల మీద అన్నీ సిద్ధం చేసుకున్నారు. ఇంకా మొదలుపెట్టలేదు.

"ఉన్నది తల్లీ. కొంచెం ఖరాబయింది. రెండు దినాలు ఆగితే బాగ జేసిస్త."

"ఏం ఖరాబయింది, చూపియ్యి."

చూపించారు. ఆమె చూసింది. ఆమె ముఖం నేను మరిచిపోలేదు. "ఏందిది? నా మనిషి రొమ్ము మీద కొంగ ఏంది? సచ్చినోన్ని తమాష జేస్తున్నరా?" అని గడపను చేత్తో చరిచింది. బజారులో మనుషులు ఆగారు. పాప ఏడుపు లంకించుకుంది. అవ్వ లోపలి నుంచి వచ్చి, "నేను జేసిన ఖరాబు ఇది బిడ్డా. వాన్ని గాదు, నన్ను తిట్టు. కడుపార తిట్టు" అని ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. ఈరమ్మ తిట్టలేదు. రొప్పుతూ నిలబడింది.

"కొంగను తీసేస్త తల్లీ. ఎవరికీ తెల్వకుంట నల్లరంగు వేస్త" అన్నారు నాయన.

"తీస్తె కింద ఏముంటది?"

"కోటు."

"ఆయనకు కోటు ఏడిది?"

నాయన అబద్ధం చెప్పడం ఎన్నడూ నేర్చుకోలేదు. గోడ మేకు వైపు చూపించారు. "మాదే. అందరికీ అదే తొడిగిస్తం."

ఈరమ్మ మేకుకు వేలాడుతున్న కోటును చూసింది. మళ్ళీ ఫోటోను చూసింది. అప్పుడు అంది: "కోటూ మీదే, కొంగా మీదే. మొగం ఒక్కటే నా మనిషిది. నీ రంగు దాని మీద వడొద్దు. ఏం ముట్టకు. ఉన్నది ఉన్నట్టు ఇయ్యి."

ఏడుపు మానిన పాప తల్లి చంకలోంచి వంగి, కొంగ ముక్కు మీద వేలు పెట్టింది. ఎవరూ వద్దనలేదు. తడి ఆరని అచ్చు మీద ఆ వేలి ముద్ర పడింది.

ఆ తర్వాత నాయన మూల మడవడం మానేసి, కత్తెరతో కోయడం మొదలుపెట్టారు. మడతను సాపు చేయగలరు, కోతను చేయలేరు. మరుసటి ఉగాదికి మామ వ్యాను తెచ్చి హారను కొట్టాడు; నాయన బయటికి రాలేదు. మామ ఇంకో రెండేళ్ళు అలా వచ్చి కొట్టి, తర్వాత మానుకున్నాడు. అవ్వ మాత్రం మూలలు సాపు చేయడం మానలేదు. ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా తాను పోయేదాకా ఆమె కెమెరా సంచిని మళ్ళీ ముట్టుకోలేదు.

ఫిబ్రవరిలో దేవమ్మ నా ముందు పెట్టింది ఆ పటమే. కొంగ ముక్కు దగ్గర ఆమెదే, నాలుగేళ్ళప్పటి చిన్న వేలి ముద్ర. అచ్చు పసుపెక్కి, ముఖం మాసిపోతోంది. ఫోన్లు బాగుచేసే దుకాణంలో చూపిస్తే, నిమిషంలో కొంగను తీసి వెనక పూలతోట పెట్టిస్తామన్నారట.

"ఇంట్ల పంచాయితీ అయింది మేడం. మా అమ్మ, కొంగ లేకుంటె ఆ పటం నా ఇంట్ల వెట్టకుర్రి అన్నది. మా పిల్లలు కొంగ తాత అంటరు. ఆయన కొంగను సాకిండనుకున్నరు" అని నవ్వింది. "మీ నాయనకాడ అసలుది ఉంటదని వచ్చిన."

ఇన్నేళ్ళూ ఆ పటాన్ని మా ఇంటి పొరపాటుకు సాక్ష్యంగానే ఊహించుకున్నాను. ఈరమ్మ ఏదో ఒకనాడు దాన్ని చింపేసి ఉంటుందని కూడా అనుకున్నాను. ఒక ఇంట్లో రెండు తరాలు దాని ముందు దీపం పెట్టి పెరిగాయన్న ఆలోచన నాకు ఎన్నడూ రాలేదు. నాయన పోయాక రేకుపెట్టెలో నేను భద్రం చేసిన నెగెటివ్‌లలోంచి పదిహేడో ఫ్రేము తీశాను. అది కొత్తగానే ఉంది. కొత్త అచ్చు వేయించి, ఏదీ ముట్టకుండా, ఉన్నది ఉన్నట్టు ఇచ్చాను.

మార్చిలో బస్సెక్కి మల్లట్ దారిన పోయి వచ్చాను. మోదుగలు అక్కడక్కడా ఉన్నాయి. కాలువ కింద నాగళ్ళు లేవు, ట్రాక్టర్లున్నాయి. వాటి వెంట కొంగలు ఉన్నాయి, భయం లేకుండా. ఫోనులో రంగులతో సహా రెండు వందల పదకొండు ఫోటోలు తీశాను. ఏదీ దేని మీదా పడలేదు. ఇంటికి వచ్చి అన్నీ చూశాను, అన్నీ బాగున్నాయి. ఎవరికి ఇవ్వాలో తెలియలేదు.

లెక్క ఇది. ఆ ఆదివారం తీసిన రోలులో ఫ్రేములు ముప్పై ఆరు. ముప్పై ఆరింటిలోనూ మనుషులున్నారు, ముప్పై ఆరింటిలోనూ పిట్టో పువ్వో ఉంది. పనికి రానివి ముప్పై ఐదు. మిగిలింది ఒకటి.